చెరసాల పరామర్శ: చూసి పోవడమా, చూసుకోవడమా?



జ్ఞానోపదేశం తరగతిలో మన పిల్లలు శారీరక దయాకార్యాలు ఏడింటిని వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, దప్పికగొన్నవారికి నీళ్లివ్వడం, బట్టలు లేనివారికి బట్టలివ్వడం, నిలువ నీడ లేనివారికి చోటివ్వడం, రోగులను పరామర్శించడం, చెరసాలలో ఉన్నవారిని పరామర్శించడం, మరణించినవారిని భూస్థాపితం చేయడం. వీటిలో ఆరింటిని మన ఇళ్లలో ఏదో ఒక రూపంలో చేస్తూనే ఉంటాం. చెరసాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన అడుగు ఆగిపోతుంది. "అది పోలీసుల సంగతి, ప్రభుత్వం సంగతి, మనకెందుకు?" అనుకుంటాం.

ఈ వారం పాఠం ఆ "మనకెందుకు" అనే మాట గురించే.

ముందుగా "పరామర్శ" అనే పదాన్ని చూద్దాం. ఎవరింట్లోనైనా కష్టం వస్తే పరామర్శకు వెళ్తాం. కూర్చుంటాం, ధైర్యం చెబుతాం, లేచి వస్తాం. నిఘంటువు తెరిస్తే ఈ పదానికి విచారించడం, పరిశీలించడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో రోగుల పరామర్శకు వాడిన గ్రీకు క్రియ, బిషపు అనే మాటకు మూలమైన "ఎపిస్కొపోస్" అనే పదం ఒకే ధాతువు నుండి పుట్టాయి. ఎపిస్కొపోస్ అంటే బాగోగులు చూసుకునే పర్యవేక్షకుడు. అంటే పరామర్శ, పర్యవేక్షణ ఒకే తల్లి బిడ్డలన్నమాట. ఖైదీని పలకరించి రావడం ఎంత దయాకార్యమో, ఆ ఖైదీ ఉన్న జైలు ఎలా నడుస్తోందో చూడడం, అడగడం, రాసిపెట్టడం కూడా అంతే దయాకార్యం.

ఈ పాఠానికి అమెరికాలోని కౌంటీ జైళ్లను ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఎందుకంటే ఆ దేశంలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జైలును చూసి రావడాన్ని చట్టమే మామూలు పౌరుల పనిగా చేసింది. అక్కడ మేలు జరిగింది, కీడూ జరిగింది. రెండూ మనకు పాఠాలే. చివరలో మన జిల్లాల సంగతికి వద్దాం.

1. కౌంటీ జైలు అంటే ఏమిటి?

అమెరికాలో కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా వంటిది. చాలా కౌంటీలలో జైలును నడిపే అధికారి షెరీఫ్. ఆయనను అక్కడి ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. నేరం రుజువై పెద్ద శిక్షలు పడినవారు రాష్ట్ర కారాగారాలకు వెళ్తారు. కౌంటీ జైలులో ఉండేవారు ముఖ్యంగా రెండు రకాలు: తీర్పు కోసం ఎదురుచూస్తున్నవారు, సాధారణంగా ఏడాది లోపు చిన్న శిక్షలు పడినవారు. కాలిఫోర్నియాలో 2011 నాటి చట్టమార్పు తరువాత మరికొంత ఎక్కువ శిక్ష పడినవారిని కూడా కౌంటీ జైళ్లలోనే ఉంచుతున్నారు.

2023 మధ్యనాటికి ఇలాంటి స్థానిక జైళ్లలో సుమారు 6,64,000 మంది ఉన్నారు. వారిలో ప్రతి పదిమందిలో ఏడుగురికి ఇంకా నేరం రుజువు కాలేదు. చట్టం దృష్టిలో వారు నిర్దోషులే. వారిలో చాలామంది అక్కడ ఉండిపోయేది బెయిలు సొమ్ము కట్టలేకనే.

న్యూయార్క్ నగరంలో రైకర్స్ దీవి మీద ఉన్న జైళ్ల కథ లోకమంతా విన్నది. 2010లో కాలీఫ్ బ్రౌడర్ అనే 16 ఏళ్ల కుర్రవాణ్ణి భుజానికి తగిలించుకునే సంచిని దొంగిలించాడన్న ఆరోపణ మీద పట్టుకున్నారు. బెయిలు 3,000 డాలర్లు. ఇంటివారు కట్టలేకపోయారు. విచారణ జరగకుండానే మూడేళ్లు గడిచాయి. అందులో దాదాపు రెండేళ్లు ఒంటరి గదిలో. 2013లో కేసు కొట్టేసి ఇంటికి పంపారు. మనసు మాత్రం ఆ గదిలోంచి బయటపడలేదు. 2015లో, 22 ఏళ్ల వయసులో, ఆ బిడ్డ తన ప్రాణం తానే తీసుకున్నాడు. 16, 17 ఏళ్ల పిల్లలను అక్కడ ఒంటరి గదుల్లో పెట్టడం 2014 చివరికి ఆగింది. బయటివారు లోపలికి వెళ్లి చూసి, నివేదిక రాసిన తరువాతే అది ఆగింది.

2. గుర్రం మీద తిరిగిన షెరీఫ్

జైలును బయటివారు పరిశీలించాలనే ఆలోచన కొత్తది కాదు. 1773లో ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డ్ కౌంటీకి జాన్ హోవర్డ్ అనే ఆయన షెరీఫ్ అయ్యారు. మనలో చాలామందికి తెలిసిన "యాత్రికుని ప్రయాణము" రాసిన జాన్ బన్యన్ అంతకు వందేళ్ల ముందు బందీగా ఉన్నది ఆ కౌంటీ జైలులోనే. షెరీఫ్ పదవి అప్పట్లో చాలావరకు హోదా కోసమే. జైలు బాధ్యత పేరుకు షెరీఫ్‌దే అయినా ఆయన లోపలికి అడుగు పెట్టే ఆచారం లేదు. హోవర్డ్ అడుగు పెట్టారు. యువకుడిగా ఉన్నప్పుడు, 1756లో, సముద్ర ప్రయాణంలో ఫ్రెంచివారికి చిక్కి బందీగా గడిపిన మనిషి ఆయన.

లోపల ఆయనకు కనిపించిన సంగతి ఇది. కోర్టు నిర్దోషులని వదిలేసినవారు కూడా జైలులోనే ఉన్నారు! కారణమేమిటి? జైలు అధికారికి జీతం లేదు. ఖైదీలు చెల్లించే రుసుమే ఆయన బతుకుదెరువు. రుసుము కట్టలేని నిర్దోషి బయటికి రాలేడు. "అధికారికి జీతం ఇవ్వండి, ఈ రుసుములు ఎత్తేయండి" అని హోవర్డ్ అడిగారు. "మరే కౌంటీలోనైనా అలా ఇస్తున్నారా? ఉదాహరణ చూపించండి" అన్నారు పెద్దలు. ఆ ఉదాహరణ వెతకడానికి ఆయన గుర్రమెక్కి పక్క కౌంటీలకు వెళ్లారు. ఎక్కడా దొరకలేదు. దొరికిందల్లా అదే అన్యాయం, ఉరికంబం కంటే ఎక్కువమందిని పొట్టనపెట్టుకుంటున్న జైలు జ్వరం.

ఆయన కోపంగా ప్రసంగాలు చేయలేదు. ప్రతి జైలులో ఎంతమంది ఉన్నారు, గది పొడవు వెడల్పు ఎంత, నీళ్లున్నాయా, గాలి వస్తుందా, రొట్టె ఎంత బరువు ఇస్తున్నారు అని నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకానికి కూడా జైలు కంపు ఎంతగా పట్టేదంటే, నిప్పు దగ్గర ఆరబెట్టనిదే తెరవలేకపోయేవారట. ఆయన పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పిన తరువాత 1774లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి, నిర్దోషులను రుసుము లేకుండా వదలాలని. రెండు, జైళ్లను కడిగి, సున్నం వేసి, గాలి ఆడేటట్టు ఉంచాలని. 1777లో తాను చూసినదంతా పుస్తకంగా అచ్చువేశారు. చివరికి 1790లో, దూరదేశంలో ఖేర్సన్ అనే ఊళ్లో, జ్వరంతోనే కన్నుమూశారు.

ఆయన చేసిన పనిలో మూడు మెట్లున్నాయి: వెళ్లి చూడడం, చూసినది కొలిచి రాయడం, జవాబు చెప్పవలసినవారి ముందు పెట్టడం. నేటి పర్యవేక్షణ అంతా ఈ మూడు మెట్ల మీదే నిలబడి ఉంది.

3. పంతొమ్మిదిమంది ఇరుగుపొరుగు

కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీలో ఏటా ఒక పౌర మహాజూరీ ఏర్పడుతుంది. మామూలుగా 19 మంది. లాస్ ఏంజెలెస్‌లో 23 మంది, బాగా చిన్న కౌంటీలలో 11 మంది. వీరు అధికారులు కారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నర్సులు, దుకాణదారులు, గృహిణులు. అమెరికా పౌరుడై, 18 ఏళ్లు నిండి, ఆ కౌంటీలో ఏడాదిగా ఉంటున్నవారు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన ఊళ్ల నుండి వెళ్లి అక్కడ పౌరసత్వం తీసుకున్న బిడ్డలకు కూడా ఈ అవకాశం ఉంది. ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ సంగతి వారి చెవిన వేయండి.

ఆ రాష్ట్ర శిక్షాచట్టం ప్రకారం ఈ జూరీ తన కౌంటీలోని ప్రభుత్వ జైళ్ల స్థితిగతులను, నిర్వహణను ఏటా విచారించి తీరాలి. తగిన వేళల్లో జైలు తలుపు వారికి తెరవాలి. చూసినది నివేదికగా అచ్చు వేస్తారు. ఆ నివేదికకు షెరీఫ్ 60 రోజుల్లో, కౌంటీ పాలకమండలి 90 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. "చూస్తాం, చేస్తాం" అంటే చాలదు. ప్రతి సిఫారసుకు చేశామా, చేయబోతున్నామా, ఎప్పటిలోగా, చేయకపోతే ఎందుకు అని చెప్పాలి.

ఇదిగాక రాష్ట్ర బోర్డు రెండేళ్లకోసారి కనీస ప్రమాణాల ప్రకారం జైళ్లను తనిఖీ చేస్తుంది. కౌంటీ ఆరోగ్యాధికారి ఏటా వంటిల్లు, పారిశుధ్యం, వైద్యం చూస్తారు.

అయితే ఒక మాట మరచిపోకూడదు. జూరీకి ఆజ్ఞాపించే అధికారం లేదు. సిఫారసు చేయడమే దాని పని. పైగా ఏడాది కాగానే కొత్త జూరీ వస్తుంది. పాతవారు అడిగిన ప్రశ్నను కొత్తవారు మళ్లీ అడగకపోతే అది దుమ్ములో కలిసిపోతుంది. కాబట్టి ఓపికగా, వదలకుండా అడిగేవారు ఎప్పుడూ కావాలి.

4. ఒక్క సెకను చూపు

మెక్సికో సరిహద్దున శాన్ డియేగో కౌంటీ ఉంది. అక్కడి జైళ్లలో 2006 నుండి 2020 వరకు 185 మంది చనిపోయారు. రాష్ట్ర ఆడిటరు దీనిని పరిశీలించి 2022 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు.

ఖైదీలు క్షేమంగా ఉన్నారో లేదో సిబ్బంది కనీసం గంటకోసారి స్వయంగా చూడాలన్నది నియమం. రిజిస్టరులో "చూశాం" అని ఉంది. కెమెరా దృశ్యాలను తిరిగి చూస్తే అసలు సంగతి తెలిసింది. పలు సందర్భాల్లో సిబ్బంది నడక ఆపకుండానే, ఒక్క సెకనుకు మించకుండా గదిలోకి తొంగిచూసి సాగిపోయారు. తరువాత ఎప్పుడో దగ్గరికి వెళ్లి చూసేసరికి కొందరు అప్పటికే కొన్ని గంటల క్రితం చనిపోయిన ఆనవాళ్లున్నాయి.

ఇది చదివినప్పుడు లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానం గుర్తుకు రాకమానదు. యెరికో దారిన ముగ్గురు వెళ్లారు. ముగ్గురూ చూశారు. యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు. వారి లోపం చూడకపోవడం కాదు, చూసి పక్కగా పోవడం. సమరయుడు చూసి ఆగాడు, దగ్గరికి వెళ్లాడు, గాయం ఎక్కడుందో తెలుసుకున్నాడు. తెలుగులో "చూడడం" వేరు, "చూసుకోవడం" వేరు. జైలులో ఈ రెండింటి మధ్య తేడా ఒక మనిషి ప్రాణమంత.

ఇంకో సంగతి కూడా ఆ నివేదికలో ఉంది. శాన్ డియేగోలో 1990లోనే ప్రజలు ఓటు వేసి పౌర సమీక్షా మండలిని తెచ్చుకున్నారు. అయినా ఆ పదిహేనేళ్ల మరణాలలో దాదాపు మూడో వంతును ఆ మండలి దర్యాప్తు చేయలేదు. కాపలావాడు నిద్రపోతే కాపలా ఉన్నా లేనట్టే. మండలి పేరు బోర్డు మీద ఉంటే చాలదు, అది మేలుకుని ఉండాలి. ఆ తరువాత 2023లో చేసిన చట్టం ప్రకారం, జైలు మరణాలను సమీక్షించడానికి రాష్ట్ర స్థాయిలో ప్రత్యేక అధికారి పదవి 2024 జూలై నుండి ఏర్పడింది.

5. చూసినవారు నోరు విప్పినప్పుడు

లాస్ ఏంజెలెస్ కౌంటీ జైళ్లు ఆ దేశంలోకెల్లా పెద్దవాటిలో ఉన్నాయి. 2009లో అక్కడి పురుషుల కేంద్ర జైలులో కతోలిక శ్రీసభ తరఫున సేవచేస్తున్న ఒక చాప్లెయిన్, సిబ్బంది ఒక ఖైదీని కొట్టడం కళ్లారా చూశారు. ప్రార్థన చేసి ఊరుకోలేదు. అధికారులకు నివేదించారు. ఏమీ కదలలేదు. 2011లో ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చారు. అదే విధంగా మరికొందరూ చెప్పారు. జైలుకు రోజూ వెళ్లేవాడు ఇలా చెప్పడం తేలిక కాదు. రేపు తలుపు తెరవవలసింది ఆ సిబ్బందే కదా!

కౌంటీ ఒక పౌర కమిషన్‌ను నియమించింది. జైళ్లలో అనవసరంగా బలప్రయోగం చేయడం ఒక అలవాటుగా మారిందని, పైవారు దానిని అదుపు చేయలేదని 2012లో ఆ కమిషన్ తేల్చింది. కేంద్ర ప్రభుత్వ దర్యాప్తును అడ్డుకున్నందుకు మాజీ షెరీఫ్ లీ బాకాకు 2017లో మూడేళ్ల శిక్ష పడింది. 2016లో పౌర పర్యవేక్షణ కమిషన్ ఏర్పడింది. 2020 మార్చిలో ప్రజలు ఓటు వేసి, సాక్షులనూ పత్రాలనూ రప్పించే అధికారం దానికి ఇచ్చారు. అదే ఏడాది రాష్ట్రం చేసిన చట్టంతో ఇతర కౌంటీలు కూడా అటువంటి మండలులను ఏర్పరచుకునే వీలు కలిగింది.

ఇక్కడ జైలు సిబ్బంది పట్ల న్యాయంగా ఉండాలి. వారిది కష్టమైన ఉద్యోగం. మనుషులు చాలక రెండు షిఫ్టులు చేసేవారుంటారు. నిజాయితీగా పనిచేసే వార్డరుకు పర్యవేక్షణ శత్రువు కాదు. "మాకు మనుషులు చాలడం లేదు, డాక్టరు లేడు" అని అతడు పైకి చెప్పలేని మాట తనిఖీ నివేదిక చెబుతుంది.

6. బడి, వడ్రంగం, ఫోను

గోడలు శుభ్రంగా ఉంటే చాలదు. లోపల ఉన్న మనిషి రేపు బయటికి వస్తాడు. వచ్చేటప్పుడు ఏ మనిషిగా వస్తాడు? అందుకే జైలులోని కార్యక్రమాలను కూడా పరిశీలించాలి.

శాన్ ఫ్రాన్సిస్కో షెరీఫ్ శాఖ 2003లో కౌంటీ జైలులోనే పెద్దల కోసం ఉన్నత పాఠశాల ప్రారంభించింది. దాని పేరు ఫైవ్ కీస్. చదువు మధ్యలో మానేసినవారు అక్కడ చదివి పట్టా తీసుకుంటారు. అదే కౌంటీలో 1997లో హింసకు అలవాటుపడినవారి కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. చేసిన హింసకు తామే బాధ్యులమని ఒప్పుకోవడం, బాధితుల నోట వారి బాధ వినడం, కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పుతారు. దానిలో పాల్గొన్నవారి మధ్య జైలులో కొట్లాటలు బాగా తగ్గాయని, బయటికి వెళ్లాక హింసా నేరాలకు తిరిగి అరెస్టయ్యేవారు కూడా తగ్గారని పరిశోధకులు గమనించారు.

2015 సెప్టెంబరు 27న పోపు ఫ్రాన్సిస్ గారు ఫిలడెల్ఫియా నగరంలోని కర్రన్-ఫ్రామ్‌హోల్డ్ జైలుకు వెళ్లారు. అది రాష్ట్ర కారాగారం కాదు, నగరపు స్థానిక జైలు. ఆయన కూర్చోవడానికి ఒక కుర్చీ వేశారు. అక్కడి ఖైదీలు వడ్రంగం శిక్షణలో తమ చేతులతో చేసిన చెక్క కుర్చీ అది. పోపుగారు దానిని చూసి వారికి కృతజ్ఞత చెప్పారు. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువు ప్రతినిధికి ఇంతకంటే తగిన ఆసనం ఏముంటుంది!

కార్యక్రమాల విషయంలో అడగవలసిన ప్రశ్నలు సూటిగా ఉండాలి. తరగతి ఉందా అని మాత్రమే కాదు. ఎంతమందికి చోటు ఉంది? ఎంతమంది ఎదురుచూస్తున్నారు? సిబ్బంది లేరని నెలలో ఎన్నిసార్లు రద్దు చేశారు? ఆడవారికి కూడా ఉందా? డబ్బు ఎక్కడిది? కాలిఫోర్నియా జైళ్లలో ఖైదీలు సబ్బు, తినుబండారాలు కొనుక్కునే దుకాణం మీద వచ్చే లాభం ఖైదీల సంక్షేమనిధికి వెళ్తుంది. ఆ నిధిని ముఖ్యంగా ఖైదీల మేలుకు, చదువుకు వాడాలి. దాని ఖర్చుల పట్టీని షెరీఫ్ ఏటా కౌంటీ పాలకమండలికి చూపాలి. ఆ పట్టీని చదివేవారు లేకపోతే నిధి ఉన్నా ఫలం ఉండదు.

ఫోను సంగతి కుటుంబాలకు మరీ ముఖ్యం. అమెరికా జైళ్ల నుండి చేసే ఫోనుకు చాలాకాలం విపరీతమైన ధరలు వసూలు చేశారు. వాషింగ్టన్ నగరంలో మార్తా రైట్ అనే అవ్వ ఉండేవారు. నర్సుగా పనిచేసి విరమించారు. చూపు పోయింది. దూరాన చెరలో ఉన్న మనవడితో మాట్లాడాలంటే ఫోనే దిక్కు. మందుల ఖర్చా, ఫోను ఖర్చా అన్న పరిస్థితి. ఆమె 2000లో కోర్టుకెక్కారు. 2003లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు మొరపెట్టుకున్నారు. పదేళ్లకు, 2013లో, రాష్ట్రాల మధ్య చేసే ఫోనుల ధరలకు కమిషన్ హద్దు పెట్టింది. 2015లో ఆమె కన్నుమూశారు. స్థానిక జైళ్లకు కూడా వర్తించే చట్టం 2023 జనవరిలో వచ్చింది. దానికి ఆమె పేరే పెట్టారు. ఈలోగా 2020లో శాన్ ఫ్రాన్సిస్కో కౌంటీ తన జైళ్లలో ఫోనును పూర్తిగా ఉచితం చేసింది. ఒక అవ్వ మనవడి కోసం ఎత్తిన గొంతు లక్షల ఇళ్లకు మేలు చేసింది.

7. మన జిల్లాలో మాటేమిటి?

మన దగ్గర కౌంటీ జైలుకు సరిపోలేవి సబ్‌జైళ్లు, జిల్లా జైళ్లు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, తీర్పు రానివారే. అమెరికా లెక్కకూ మన లెక్కకూ పెద్ద తేడా లేదు. బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చేవారు లేక లోపలే ఉన్నవారు మన దగ్గరా ఉన్నారు. హోవర్డ్ చూసిన అన్యాయం రూపు మార్చుకుని ఇంకా బతికే ఉంది.

పర్యవేక్షణకు మన చట్టాలలోనూ చోటుంది. తీహార్ జైలులో తోటి ఖైదీ పడిన చిత్రహింస గురించి సునీల్ బాత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకుని 1979 డిసెంబరులో తీర్పు చెప్పింది. జిల్లా న్యాయమూర్తులు జైళ్లను సందర్శించాలని, ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని చెప్పింది. జైలు సందర్శకుల మండలిలో అధికారులతోపాటు అనధికార సందర్శకులు, అంటే మనవంటి పౌరులు, ఉండవచ్చు. జైళ్లకు అనధికార సందర్శకులను నియమించే విషయం చూడాలని 2015 జూలైలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ప్రతి జిల్లాలోను విచారణ ఖైదీల సమీక్షా సంఘం ఉంటుంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త నేరవిచారణ చట్టం 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి నేరారోపణకు గురైనవారు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే విడుదలకు అర్హులు. మిగతావారికి సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. పేద ఖైదీల బెయిలు సొమ్ముకు, జరిమానాకు సాయపడే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చింది. ఉచిత న్యాయసహాయానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇన్ని ఉన్నా, అడిగేవారు లేకపోతే కాగితం కదలదు. కాబట్టి మన విచారణలో చేయదగిన పనులు కొన్ని:

మొదటిది, మన మండలంలోనో జిల్లాలోనో జైలు ఎక్కడుందో తెలుసుకోవడం. దారిన రోజూ పోతున్నా చాలామందికి తెలియదు.

రెండవది, ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా సేవకులతోగాని, జిల్లా న్యాయసేవాధికార సంస్థతోగాని విచారణ గురువుల ద్వారా పరిచయం చేసుకుని, జైలు అధికారి అనుమతితోనే వెళ్లడం. అనుమతి లేకుండా ఏ వస్తువూ లోపలికి తీసుకుపోకూడదు.

మూడవది, వెళ్లినప్పుడు "ఏం నేరం చేశావు?" అని అడగకుండా, "వాయిదా ఎప్పుడు? వకీలు ఉన్నారా? బెయిలు వచ్చిందా? ఇంటివారికి తెలుసా? మందులు అందుతున్నాయా?" అని అడగడం. చేయగలిగినదే చెప్పాలి. చేయలేని మాట ఇస్తే ఆశపెట్టి చంపినట్టవుతుంది.

నాలుగవది, విన్నది తేదీ వేసి రాసుకుని, న్యాయసేవాధికార సంస్థకు రాతపూర్వకంగా అందించి, జవాబు వచ్చేవరకు మళ్లీ అడగడం.

అయిదవది, ఖైదీల కుటుంబాలు మన గుడిలోనే, మన పక్క వరుసలోనే ఉండవచ్చు. ఆ పిల్లల ఎదుట తండ్రి ప్రస్తావన తెచ్చి చిన్నబుచ్చకుండా, బడి ఫీజుకు, ములాఖత్ రోజున బస్సు ఛార్జీకి విన్సెంట్ డి పాల్ సభ ద్వారా గుట్టుగా సాయపడడం.

గుడి పరిధిని మనం "విచారణ" అంటాం. తీర్పు రాని ఖైదీని కూడా "విచారణ ఖైదీ" అనే అంటారు. మాట ఒక్కటే. అతని కేసును విచారించేది న్యాయస్థానం. అతని బాగోగులు విచారించేది ఎవరు? ఆ పని మన విచారణది కూడా.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరైనా ఒక్క రాత్రి జైలులో ఉండవలసి వస్తే, వారికోసం మనం అడిగే మొదటి మూడు ప్రశ్నలు ఏమిటి? ఆ ప్రశ్నలు అడిగేవారే లేని ఖైదీ తరఫున ఎవరు అడగాలి?

2. హోవర్డ్ చూశారు, రాశారు, సంబంధితుల ముందు పెట్టారు. ఈ మూడింటిలో మనం ఎక్కువగా ఎక్కడ ఆగిపోతాం?

3. జైలులో అన్యాయం చూసిన చాప్లెయిన్ మౌనంగా ఉండి ఉంటే ఆయన సేవకు ఏ విలువ మిగిలేది?

4. ఈ నెలలో మన విచారణ నుండి ఇద్దరు ముగ్గురు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, అనధికార సందర్శకుల నియామకం, మన సబ్‌జైలులో న్యాయసహాయం సంగతి కనుక్కుని వచ్చి ఆదివారం పూజ తరువాత చెప్పగలరా? ఎవరు వెళ్తారు? పేర్లు ఈ ఆదివారమే రాసుకోండి.